గీత వేసే చేతికర్ర: నాన్న ఎనిమిది నెలలు వాడాక

మా నాన్నకి పార్కిన్సన్స్ (వణుకు తెచ్చి, నడకని దెబ్బతీసే మెదడు జబ్బు) వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ లేజర్ చేతికర్ర కొని ఎనిమిది నెలలు. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

చూడటానికి మామూలు కర్రే. కింద చిన్న లేజర్ దీపం ఉంటుంది. కర్ర నేలకి ఆనించి బరువు వేస్తే పాదాల ముందు అడ్డంగా ఎర్రటి గీత పడుతుంది. ఆ గీత మీదుగా అడుగు వేయాలి, అంతే.

నాన్నకి వణుకు తక్కువే. అసలు బాధంతా కాళ్ళు ఆగిపోవడం. డాక్టర్లు ఫ్రీజింగ్ అంటారు. గుమ్మం దగ్గరికి రాగానే పాదాలు నేలకి అతుక్కుపోయేవి. ఒళ్ళు ముందుకు వంగేది, కాళ్ళు కదిలేవి కావు. అదే మనిషి మెట్లు మాత్రం చకచకా ఎక్కేసేవారు. "మెట్లెక్కగలిగినప్పుడు గుమ్మం దాటలేరా? కాస్త మనసు పెట్టండి నాన్నా" అని నేనే విసుక్కున్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. ఈ జబ్బులో అలాగే జరుగుతుందని, ఒక్కో మెట్టు అంచూ ఆయన కంటికి గీతలా ఆసరా అవుతోందని న్యూరాలజిస్టు చెప్పాకే మాకు అర్థమైంది.

ఆ తర్వాత దీని గురించి దొరికిందల్లా చదివాను. జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసింది 1817లో. నేల మీద అడ్డగీతలు ఉంటే ఈ రోగులు బాగా నడుస్తారని పర్డన్ మార్టిన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు 1967లో రాశారు. గీత నడిచే దారికి అడ్డంగా ఉంటేనే ఫలితం, దారి వెంట నిలువుగా ఉంటే లాభం లేదు. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోవడం ఈ జబ్బుకి మూలం. ఆలోచించకుండా జరిగిపోయే అలవాటు పనులు, నడక లాంటివి, అందుకే దెబ్బతింటాయి. కళ్ళతో చూసి, కావాలని వేసే అడుగు మెదడులో వేరే దారిన వెళ్తుందని పరిశోధకులు అంటారు. ఈ కర్ర చేసే పని ఆ రెండో దారిని వాడుకోవడమే.

మొదటి వారం మాత్రం ఏమీ కలిసిరాలేదు. నాన్న గీతని చూస్తూ నిలబడిపోయేవారు, లేదా దాన్ని తొక్కబోయేవారు. ఫిజియోథెరపిస్టు వచ్చి నేర్పించారు: ముందు ఆగాలి, బరువు ఒక కాలి మీదకి మార్చాలి, అప్పుడు రెండో కాలు ఎత్తి గీత అవతల మడమ ఆనించాలి. కర్ర ఎత్తు కూడా ఆవిడే సరిచేశారు. చెయ్యి కిందికి వదిలేసి నిలబడితే మణికట్టు దగ్గరికి పిడి రావాలట. మేం చాలా పొడుగు పెట్టాం. రెండు వారాలు రోజూ సాధన చేశాక, వంటింటి గుమ్మం దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగిపోయే మనిషి ఒక్క క్షణం ఆగి దాటేశారు. అమ్మ పక్కనే నిలబడి చూసింది, ఏమీ అనలేదు, కళ్ళు తుడుచుకుంది.

ఇక లోపాలు. ఎండలో గీత అసలు కనబడదు. ఆకుపచ్చ గీత వేసేవి కూడా ఉన్నాయి, వెలుతురులో మన కంటికి ఆ రంగే బాగా ఆనుతుంది. మళ్ళీ కొంటే అదే కొంటాను. బరువు వేస్తేనే వెలిగే మీట మాకు నచ్చలేదు. మాత్ర ప్రభావం తగ్గే వేళకి నాన్న చేతికి అంత బలం ఉండదు, సరిగ్గా అప్పుడే గీత కావాలి. వెనక్కి తిరిగేటప్పుడు కూడా పెద్దగా సాయపడదు. ఉన్నచోటే గిర్రున తిరక్కుండా విశాలంగా చుట్టు తిరిగి రావడం నేర్పించాం. కర్రని పక్కకి పెట్టేటప్పుడు లేజర్ ఎవరి కళ్ళలోకీ పడకుండా చూసుకోవాలి, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

అమ్మినాయన "ఇక పడిపోవడమంటూ ఉండదు" అన్నాడు. ఆ మాట తప్పు. నాన్న మూడో నెలలో వెనక్కి పడ్డారు. దెబ్బ తగలకపోవడం అదృష్టం. గీత అడుగు వేయిస్తుంది కానీ, తూలిపోతున్న మనిషిని నిలబెట్టలేదు. మతిమరుపు బాగా ఉన్నవాళ్ళకి గీత దాటాలన్న సంగతే గుర్తుండదు, వాళ్ళకి కొనకముందు న్యూరాలజిస్టుని అడగండి. ఫ్రీజింగ్ మాత్రల వేళలతో ముడిపడి ఉంటే ముందు ఆ వేళలు సరిచేయించుకోవాలి. మాకు అందులోనే సగం తేడా కనిపించింది.

ఇంకో సంగతి. ఫోన్ మోగినా, ఎవరైనా తలుపు కొట్టినా టెన్షన్‌తో నాన్న కాళ్ళు ఇంకా బిగుసుకుంటాయి. అప్పుడు "రండి రండి" అని చెయ్యి లాగకండి. కర్ర ఆనించమని చెప్పి మౌనంగా ఉండండి, మాట్లాడితే ధ్యాస గీత మీద నిలవదు.

మొత్తానికి కొనమనే చెప్తాను, నేర్పించే మనిషి కూడా దొరికితేనే. స్నానాలగదిలోకి కర్ర తీసుకెళ్ళడం మాకు కుదరలేదు. ఆ గుమ్మం దగ్గర నేలకి పసుపు టేపు ముక్కలు నాలుగు, అడుగుకి ఒకటి చొప్పున అడ్డంగా అంటించాం. రాత్రిపూట దీపం వేసి ఉంచితే వాటి మీదుగా నాన్న ఒక్కరే వెళ్ళొస్తున్నారు.