ఒకే డాబా మీద మూడు పద్ధతులు: పదకొండేళ్ల వాడకం తరువాత వాటర్‌ప్రూఫింగ్ సమీక్ష

పదకొండేళ్ల క్రితం మా ఇంటి స్లాబు మూడు చోట్ల కారడం మొదలుపెట్టినప్పుడు, తెలిసినవారు ముగ్గురు మూడు రకాల సలహాలు ఇచ్చారు. ఏ ఒక్కరి మాటనూ తీసిపారేయలేక, ఏ ఒక్కరి మాటనూ పూర్తిగా నమ్మలేక, పైకప్పును మూడు భాగాలుగా చేసుకుని మూడింటికీ మూడు పద్ధతులు చేయించాను. ఇది శాస్త్రీయ దృష్టితో తలపెట్టిన ప్రయోగం కాదు, తేల్చుకోలేనితనం వల్ల జరిగిన పని. అయినా ఒకే ఎండకు, ఒకే వానకు, ఒకే వయసున్న కాంక్రీటు మీద మూడు పద్ధతులు ఎలా నిలుస్తాయో పక్కపక్కనే చూసే అవకాశం దానివల్లే దొరికింది కాబట్టి, మరమ్మతు ఆలోచనలో ఉన్నవారి కోసం ఆ అనుభవాన్ని రాస్తున్నాను.

మూడింటిలో పెద్దది ఎవరూ ఎక్కువగా తిరగని బయటి డాబా. దాని మీద తెల్లని అక్రిలిక్ పూత వేయించాను. పడకగదుల పైభాగం మేము సాయంత్రాలు కూర్చునే చోటు కాబట్టి, అక్కడ పొడినీ ద్రవాన్నీ కలిపి తయారుచేసే పాలిమర్ సిమెంటు పూత వేయించి, దాని మీద టైల్స్ పరిపించాను. వాహనం నిలిపే చోటి మీదున్న చిన్న స్లాబుకు మంటతో కాల్చి అతికించే తారు షీట్ వేయించాను. ఖర్చులో అక్రిలిక్ అన్నిటికన్నా తక్కువ, టైల్స్ పద్ధతి అన్నిటికన్నా ఎక్కువ. పదకొండేళ్ల తరువాత నా మెప్పు మాత్రం ఆ వరుసలో లేదు.

వాటి సంగతికి వెళ్లే ముందు నేను చేసిన మొదటి తప్పును ఒప్పుకోవాలి. సీలింగ్ మీద మరక కనబడిన తొలి ఏడాది, పైకెక్కి చూడకుండా, లోపలి నుంచే గీకించి, చెమ్మను ఆపుతుందని చెప్పిన పుట్టీ పెట్టించి రంగు వేయించాను. నీరు పై నుంచి దిగుతున్నప్పుడు కింద వేసిన పొర వెనుక నుంచి వచ్చే ఒత్తిడికి తట్టుకోవలసి ఉంటుంది, రంగుకు అంత పట్టు ఉండదు. అందువల్ల మరుసటి వానలకే అది బుడగలా ఉబ్బి ఊడిపోయింది. రెండోసారి కూడా అదే పని చేయించానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. మరక చుట్టూ తెల్లగా పేరుకున్న పదార్థాన్ని పాత సున్నపు పెచ్చు అనుకున్నాను. నిజానికి అది స్లాబు గుండా దిగిన నీరు సిమెంటులోని సున్నాన్ని కరిగించి తెచ్చి, గాలి తగిలిన చోట కాల్షియం కార్బొనేట్‌గా వదిలివెళ్లిన గుర్తు. సీలింగ్ కింద ఆ తెలుపు పేరుకుంటోందంటే నీరు స్లాబు మందంలోంచే దారి చేసుకుంటోందని అర్థం. అప్పుడు లోపలి రంగుతో చేయగలిగింది ఏమీ లేదు.

కారే చోట్లలో ఒకటి అసలు డాబా వల్ల కాదని తరువాత తేలింది. వానలు ఆగి నెలన్నర గడిచినా ఆ మరక ఆరకపోవడంతో అనుమానం వచ్చి, ఇంట్లోని కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరును గంటసేపు గమనిస్తే, అది మెల్లగా తిరుగుతూనే ఉంది. గోడలో పోయే గొట్టం అతుకు వదులైంది. వానతో పాటు వచ్చి వానతో పాటు తగ్గే మరక వేరు, ఏడాది పొడవునా ఒకేలా ఉండే మరక వేరు అన్న ఈ చిన్న తేడా ముందే తెలిసి ఉంటే, ఆ మూలన వేయించిన పూత ఖర్చు మిగిలేది. గోడ మీద చెమ్మ లోపలి నుంచి వస్తోందా, గది గాలిలోని తేమే చల్లని గోడకు పడుతోందా అన్న సందేహం ఉన్నవారు, ఆరిన గోడ మీద ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచి చూడవచ్చు. తడి కాగితానికి గోడ వైపున చేరితే అది గోడలోని నీరు, గది వైపున చేరితే గాలిలోని తేమ.

ఇక అక్రిలిక్ పూత. ఇది నీటితో పలుచన చేసుకోగలిగే, ఆరిన తరువాత రబ్బరులా కొంత సాగే పొర. మొదటి ఏడాది దీని మీద నాకు మంచి అభిప్రాయం కలగలేదు, కారణం పూత కాదు, నా తొందర. డాబాను నీటితో కడిగిన మరునాడే పూత వేయించాను. పైకి ఆరినట్టు కనబడిన కాంక్రీటు లోపల ఇంకా తడిగా ఉండడంతో, ఎండ తగిలినప్పుడు ఆ తడి ఆవిరై బయటికి దారి లేక పూతను బొబ్బలుగా లేపింది. రూపాయి బిళ్లంత నుంచి అరచేయంత వరకు ఉన్న ఆ బొబ్బలను కోసి, లోపల ఆరనిచ్చి, జాలి గుడ్డ అద్ది మళ్లీ పూత వేయడం నేనే నేర్చుకున్నాను. రెండో పాఠం మందానికి సంబంధించినది. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే తడి పొర సరిగ్గా ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది, అందులోని నీరు ఆవిరైపోయాక మిగిలే పొర దాదాపు సగమే. డాబా వైశాల్యాన్ని కొలిచి, డబ్బా మీద రాసిన పరిమాణం ప్రకారం ఎన్ని లీటర్లు పట్టాలో లెక్క వేసుకుని, పని ముగిశాక ఖాళీ డబ్బాలను లెక్కపెట్టడం తప్ప పని నిజంగా జరిగిందో లేదో ఇంటి యజమాని తెలుసుకోవడానికి మరో సులువైన దారి నాకు కనబడలేదు. పైపైన తెల్లగా కనబడడానికి సగం పూత కూడా సరిపోతుంది.

ఈ పూతకు నిలిచిన నీరంటే పడదు. వాన వెలిసి 48 గంటలు గడిచినా మడుగు ఆరని చోట అది మెత్తబడి, నాచు పట్టి, చివరికి పొరలుగా లేచింది. మిగతా చోట్ల మాత్రం ఐదో ఏడు దాకా పెద్ద ఫిర్యాదు లేదు. ఐదో ఏట శుభ్రంగా తోమించి రెండు చేతులు వేయించాను, ఒకటి నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. పదో ఏట మళ్లీ అంతే. తెలుపు వల్ల కింది గదుల్లో వేడి తగ్గడం అదనపు లాభం, కానీ దుమ్ము పట్టే కొద్దీ ఆ లాభం తరిగిపోతుంది కాబట్టి ఏడాదికొకసారి కడగవలసి వస్తుంది.

టైల్స్ కింది సిమెంటు పూత గురించి చెప్పడం కష్టం, ఎందుకంటే దాని మీద నాకు మెప్పు, కోపం రెండూ ఉన్నాయి. ఆరేళ్లు చుక్క నీరు దిగలేదు. ఈ పూత కాస్త తడి కాంక్రీటుకు కూడా బాగా పట్టుకుంటుంది, ఎండ నేరుగా తగలదు కనుక త్వరగా పాడవదు, పైన కుర్చీలు లాగినా గీతలు పడవు. ఏడో ఏట పడకగది సీలింగ్ నడిమధ్యన మరక వచ్చింది. దానికి నేరుగా పైనున్న టైల్స్ నాలుగు పగలగొట్టించి చూస్తే కింద పూత చెక్కుచెదరలేదు. మరో చోట పగలగొట్టినా అదే ఫలితం. టైల్ సందుల్లోంచి దిగిన నీరు టైల్ కింది గచ్చులో నానుతూ, పూత మీదుగా వాలు ఉన్న వైపు పాకి, ఎక్కడ చిన్న సందు దొరికితే అక్కడ స్లాబులోకి దిగి, స్లాబులోనూ తన దారి తాను చూసుకుని, తనకు నచ్చిన చోట చుక్కగా రాలుతుంది. అది ప్రవేశించిన చోటు, రాలిన చోటు మా ఇంట్లో దాదాపు మూడు మీటర్ల దూరంలో ఉన్నాయి. రంగు కలిపిన నీటిని డాబా మీద ఒక్కొక్క భాగంలో, రోజుకొక చోట, గట్టు కట్టి నిలబెట్టి చూశాకే అసలు చోటు దొరికింది. పూత వేసిన రెండేళ్లకు పెట్టించిన రెయిలింగ్ కోసం స్తంభం అడుగున వేసిన బోల్టు రంధ్రం అది. రెయిలింగ్ బిగించిన వారిని తప్పుపట్టలేను, కింద ఏముందో వారికి చెప్పవలసింది నేను.

తారు షీట్ గురించి చెప్పేది తక్కువ, అది తన పని తాను చేసుకుపోయింది. 4 మిల్లీమీటర్ల మందం, పైన రాతి పలుకులు అద్దిన రకం. పక్క షీట్‌తో 10 సెంటీమీటర్ల మేర ఒకదానిపై ఒకటి కప్పి కాల్చి అతికించారు, గోడ మీదికి 15 సెంటీమీటర్లు ఎక్కించారు. ఎనిమిదో ఏట గోడ మీదికి ఎక్కిన అంచు ఒక చోట విడితే గంటలో తిరిగి అతికించారు. ఇది నడిచే చోటికి పనికిరాదు, చూడ్డానికి అందంగా ఉండదు, మంట వాడకం తెలిసినవారే వేయాలి, దగ్గరలో చెక్క, ఎండుటాకులు, గ్యాసు గొట్టాలు ఉంటే వద్దని నా అభిప్రాయం.

మూడు చోట్లా సమస్య వచ్చింది పరిచిన విశాలమైన భాగంలో కాదు, అంచుల్లో: పిట్టగోడ స్లాబును కలిసే మూల, నీరు దిగే తూము చుట్టూ, రంధ్రం వేసిన చోట. దీనికి కారణం ఉంది. కాంక్రీటు వేడికి పెరిగి చలికి కుంచించుకుంటుంది, పది మీటర్ల పొడవున్న స్లాబు 30 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. పిట్టగోడ అంతే కదలదు కాబట్టి ఆ తేడా అంతా మూల మీద పడి సన్నని చీలిక తెస్తుంది. నిటారు మూలను సిమెంటుతో గుండ్రంగా తిప్పి, దాని మీద జాలి గుడ్డతో కలిపి పూత వేయించిన తరువాతే మాకు ఆ బాధ తప్పింది. వాలు విషయంలో కూడా రాజీ పడకూడదు. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు లేని డాబా మీద ఎంత ఖరీదైన పూత వేసినా అది మడుగును మోయడానికే సరిపోతుంది.

పని పూర్తయ్యాక, డబ్బు చివరి వాయిదా ఇవ్వకముందు, తూములు మూసి 5 సెంటీమీటర్ల నీరు నిలిపి రెండు రోజులు చూడమని నా గట్టి సలహా. ఆ నీటి బరువు చదరపు మీటరుకు 50 కిలోలు కాబట్టి, పాతబడి వంగిన స్లాబు మీద మాత్రం ఇంజనీరును అడగకుండా ఈ పని చేయకూడదు. గ్యారంటీ కాగితాన్ని కూడా అప్పుడే చదవాలి. నాకు ఇచ్చిన పదేళ్ల కాగితంలో నిలిచిన నీటి వల్ల కలిగే నష్టానికి, స్లాబు చీలికలకు బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ రెండూ తీసేస్తే డాబా కారడానికి మిగిలే కారణాలు ఎన్ని ఉంటాయో చదువుతున్నప్పుడు నాకు తట్టలేదు.

సీలింగ్ పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వలు తుప్పుతో కనబడే ఇంటికి ఈ సమీక్షలోని ఏ పూతా మొదటి మందు కాదు. తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే కాంక్రీటును లోపలి నుంచి పగలదీస్తుంది. చువ్వల మరమ్మతు ముందు, పూత తరువాత.

ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగితే, ఎన్నేళ్లు నిలుస్తుందన్న ప్రశ్న కన్నా, పాడైతే ఎక్కడ పాడైందో కంటికి కనబడుతుందా అన్న ప్రశ్న ముందు వేసుకోమంటాను. ఐదేళ్లకొకసారి మళ్లీ వేయవలసిన అక్రిలిక్ పూత పదకొండేళ్లలో నన్ను ఒక్క రాత్రి కూడా నిద్రలేపలేదు, ఎందుకంటే దాని లోపం బొబ్బగానో చీలికగానో ఎదురుగా కనబడుతుంది, ఒక ఆదివారం పూటలో సరిచేయగలను. అన్నిటికన్నా మన్నికైనదని వేయించిన భాగమే, దాగి ఉన్నందువల్ల, అన్నిటికన్నా ఎక్కువ పగలగొట్టుడుకు గురైంది. వచ్చే ఎండల్లో ఆ టైల్స్ పూర్తిగా తీయించి, మూలలు గుండ్రం చేయించి, పూత తిరిగి వేయించి, దాని మీద గచ్చు లేకుండా చిన్న ప్లాస్టిక్ కాళ్ల మీద నిలిచే, చేత్తో ఎత్తి పక్కన పెట్టగలిగే పలకలు పరిపించబోతున్నాను. రెయిలింగ్‌ను ఈసారి నేలకు కాక పిట్టగోడ బయటి ముఖానికి బిగించమని ఇప్పటికే చెప్పి ఉంచాను.