పదో తరగతి మార్కులా, ఎంసెట్ ర్యాంకా? లేనింటి పిల్లలకు ఏది మేలు?

ఫలితాల మర్నాడు విజయవాడ బెంజి సర్కిల్‌లో తల ఎటు తిప్పినా ఫ్లెక్సీలే. ఫొటో, పక్కన ర్యాంకు. ఆ ర్యాంకు కోసం ఇంట్లోవాళ్లు ఎంత కట్టారో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

మావాడి సంగతి చెప్తాను. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే. తెల్లారకముందే స్టడీ అవర్, వారం వారం టెస్టు, ఆదివారం గేటు దగ్గర నేనిచ్చే చికెన్ పచ్చడి సీసా. అప్పుడే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు జెడ్పీ హైస్కూల్లో పది చదువుతోంది. పార్కింగ్‌లో స్టూలు మీద పుస్తకం పెట్టుకుని, మధ్యమధ్యలో లేచి నీళ్ల మోటారు ఆపి వచ్చేది.

ఎంసెట్ 1986లో మొదలైంది, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నాం. దాని గొప్ప దానిదే: పేపరు దిద్దేచోట పైరవీ నడవదు. డబ్బు పని చేసేది అంతకు ముందే. నీట్‌లో ఇంకా ఎక్కువ. సీటు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపగలిగేది ఎవరు? ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉందంటారు. ఆ మార్కులూ ఆ హాస్టళ్లవే కదా! ఇక 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్ల గురించి చెప్పేదేముంది.

నూజివీడు ట్రిపుల్ ఐటీది వేరే దారి. 2008లో పెట్టినప్పటి నుంచీ, కోవిడ్ రోజులు తప్పిస్తే, పది మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో సీటు. సర్కారు బడి పిల్లలకు డిప్రివేషన్ స్కోరు, అంటే వాళ్లకు లేని వసతులకు బదులుగా కొంత అదనపు స్కోరు కలుపుతారు; పది ఫలితాలు పదికి ఇన్ని గ్రేడ్ పాయింట్లని ఇచ్చిన రోజుల్లో అది 0.4. చిన్న అంకే, కానీ 9.6 తెచ్చుకున్న జెడ్పీ స్కూలు పిల్లను 10కి 10 వచ్చిన ప్రైవేటు స్కూలు పిల్లాడి సరసన కూర్చోబెట్టేది అదే. పైగా ఇంటర్ ఫీజుల భారం మొదలవకముందే చేయందిస్తుంది.

మార్కులను గుడ్డిగా నమ్మలేం, నిజమే. చిట్టీలు అందే సెంటర్ల సంగతి అందరికీ తెలుసు. 2020లో కోవిడ్ వల్ల పది పరీక్షలే రద్దయితే ట్రిపుల్ ఐటీ కూడా ఎంట్రన్స్ పెట్టాల్సి వచ్చింది.

అయినా నా ఓటు నూజివీడు పద్ధతికే. ఎంట్రన్స్ ఎత్తేయమనను. తమిళనాడు 2020లో నీట్ పాసైన సర్కారు బడి పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం పక్కన పెట్టింది. ఈఏపీసెట్‌లోనూ సర్కారు జూనియర్ కాలేజీ పిల్లలకు అలాంటిదేదో ఉండాలి. ఉంటే మావాడి ర్యాంకు వెనక్కి జరిగేదేమో. జరిగితే జరగనీ.