పొరుగు దేశం పొగ: యూరప్ దారి, ఆగ్నేయాసియా దారి

స్వీడన్, నార్వే సరస్సుల్లో చేపలు చచ్చిపోతుంటే కారణం ఆ చుట్టుపక్కల దొరకలేదు. బ్రిటన్, మధ్య యూరప్ బొగ్గు పొగలోని గంధకమే గాలితో కొట్టుకొచ్చి ఆమ్ల వర్షంగా పడుతోందని 1967లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్ పత్రికలో రాశాక జనంలో కదలిక మొదలైంది. 1979లో సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై జెనీవా ఒప్పందం కుదిరింది. 1985లో హెల్సింకీలో అంకె కూడా తేల్చారు: 1993 నాటికి గంధకం 1980 కంటే కనీసం 30 శాతం తగ్గాలి. దీనిపై బ్రిటన్ సంతకం పెట్టలేదు, అయినా మిగతావాళ్లు ఆగలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎవరి పొగ ఎవరి మీద పడుతోందో అన్ని దేశాలూ కలిసి కొలవడం. ఆ లెక్కలు ముందుంటే ‘మా పొగ కాదు’ అనడం కష్టం.

ఆగ్నేయాసియాలో కథ వేరు. ఇండోనేషియాలో తోటల కోసం అడవులు తగలబెడితే సింగపూర్, మలేషియా ఉక్కిరిబిక్కిరి అవుతాయి. 2002లో ఈ పొగపై ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం రాసుకున్నారు. ఇండోనేషియా ఆమోదించింది 2014లో! తగ్గింపు అంకె లేదు, జరిమానా లేదు. 2015లో పొగకు స్కూళ్లు మూసేయాల్సి వచ్చింది. సింగపూర్ మాత్రం 2014లోనే సొంత చట్టం చేసి, బయటి దేశంలో మంట పెట్టిన కంపెనీలనూ కోర్టుకు లాగే వీలు తెచ్చుకుంది.

దక్షిణాసియాకు గాలి కాలుష్యంపై 1998 నాటి మాలే ప్రకటన ఉంది, కట్టుబాటు మాత్రం లేదు. ఢిల్లీ, లాహోర్ రెండూ నమ్మే ఉమ్మడి కొలతతోనే ఇక్కడా మొదలుపెట్టాలి.