ఫ్లాపీ డ్రైవ్ చెడిపోయిన పాత కంప్యూటర్‌లో లినక్స్: ప్లాప్ బూట్ మేనేజర్ ఏ మేరకు పనికొస్తుంది?

పాత కంప్యూటర్‌లో లినక్స్ పెట్టబోయినప్పుడు అడ్డం వచ్చేది చాలాసార్లు ప్రాసెసరో మెమరీయో కాదు, ఇన్‌స్టాలర్‌ను యంత్రంలోకి ఎక్కించే దారి లేకపోవడమే. బయోస్‌కు, అంటే ఆన్ చేయగానే కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రాంకు, పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేయడం తెలియదు, సీడీ డ్రైవ్ ఇంట్లో రాసుకున్న డిస్కును చదవదు, ఫ్లాపీ డ్రైవ్ ఎప్పుడో మూలపడింది. హార్డ్ డిస్కులోని పాత విండోస్ మాత్రం ఇంకా లేస్తోంది. సరిగ్గా ఇటువంటి యంత్రం కోసమే అన్నట్టుగా ఉండే చిన్న సాధనం ప్లాప్ బూట్ మేనేజర్. ఈ సమీక్ష దాని 5వ వెర్షన్ గురించి.

ముందుగా ఒక మాట. ఫ్లాపీ డ్రైవ్ పోయిందని తీర్మానించే ముందు పెట్టె విప్పి దాని కేబుల్ చూడటం మంచిది. కంప్యూటర్ ఆన్ చేసిన క్షణం నుంచి డ్రైవ్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే, చాలావరకు కేబుల్ తిరగేసి పెట్టారని అర్థం. అయితే డ్రైవ్ బాగుపడినా ఒరిగేది తక్కువే. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు, నేటి లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలోని కెర్నల్ (సిస్టంకు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఒక్కటే అంతకు కొన్ని రెట్లు ఉంటుంది.

ప్లాప్ గొప్పతనమల్లా తన సొంత యూఎస్‌బీ, సీడీ డ్రైవర్లను వెంట తెచ్చుకోవడంలో ఉంది. బయోస్‌కు చేతకాని పనిని అది తానే చేసి, పెన్ డ్రైవ్‌ను హార్డ్ డిస్కులా చూపించి, అందులోని బూట్ లోడర్‌కు (సిస్టంను మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రాంకు) పగ్గాలు అప్పగిస్తుంది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న యంత్రంలో దీన్ని అమర్చడానికి రెండు ఫైళ్ళను సీ డ్రైవ్‌లో పెట్టి, విండోస్ బూట్ మెనూ వివరాలుండే బూట్.ఐఎన్‌ఐ ఫైలులో ఒక వరుస చేర్చితే చాలు. తరువాతిసారి కంప్యూటర్ లేచినప్పుడు విండోస్ పేరు కింద ప్లాప్ పేరు కూడా కనిపిస్తుంది. హార్డ్ డిస్కు మొదటి సెక్టారులోనే దీన్ని స్థాపించే వీలు కూడా ఉంది కాని, ఉన్న ఒక్క బూట్ దారినీ ప్రయోగానికి పెట్టడం నా దృష్టిలో తెలివైన పని కాదు. బూట్.ఐఎన్‌ఐ పద్ధతిలో ఏదైనా బెడిసినా విండోస్ చెక్కుచెదరదు.

తెరపై నక్షత్రాలు ఎదురొస్తున్నట్టు కదిలే నేపథ్యంలో మెనూ వస్తుంది. సీడీ, యూఎస్‌బీలతో పాటు ఫ్లాపీ పేరు కూడా అందులో ఉంటుంది, మనకు ఎందుకూ కొరగాకపోయినా. యూఎస్‌బీ ఎంచుకున్నాక ఓపిక కావాలి. యూఎస్‌బీ 1.1 పోర్టు గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు, అంటే ఒకటిన్నర మెగాబైట్లు. కెర్నల్, దాని తోడు ఇనిట్‌ఆర్‌డీ (బూట్ తొలి దశకు కావలసిన ఫైళ్ళ మూట) కలిసి 30 మెగాబైట్లు ఉంటే, అవి మెమరీలోకి చేరడానికే 20 సెకన్ల పైన పడుతుంది, ఆ కాసేపూ తెర బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. అది చూసి రీసెట్ నొక్కకూడదు. కెర్నల్ మొదలైన తరువాత ప్లాప్ పని ముగుస్తుంది, అక్కడి నుంచి లినక్స్ తన డ్రైవర్లనే వాడుకుంటుంది. కాబట్టి ఇన్‌స్టాలేషన్ మధ్యలో వచ్చే తప్పులను ప్లాప్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

లోపాలు లేకపోలేదు. కొన్ని యంత్రాల్లో యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌తో పొసగక ఆగిపోతుంది. అప్పుడు ప్లాప్ సెటప్‌లో 1.1 వేగానికి కట్టడి చేసే ఎంపికను ప్రయత్నించాలి. విడిగా కొని బిగించిన యూఎస్‌బీ కార్డులపై అతిగా ఆశ పెట్టుకోకూడదు. ఉచితమే అయినా ఇది సోర్స్ కోడ్ బయటపెట్టని సాఫ్ట్‌వేర్, లినక్స్ కోసం వెతికేవారిలో కొందరికి ఇది రుచించదు. అన్నిటికన్నా ముఖ్యంగా, హార్డ్ డిస్కులో లేచే సిస్టం ఏదీ లేకపోతే ప్లాప్‌ను ప్రారంభించేవారే ఉండరు. అలాంటప్పుడు డిస్కును ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి, అక్కడ ఇన్‌స్టాల్ చేసి తిరిగి బిగించడమే దగ్గరి దారి. నెట్‌వర్క్ కార్డులో పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ ద్వారా బూట్ చేసే సౌకర్యం) ఉంటే అది మరో దారి.

విండోస్ 98 యంత్రాలకు బూట్.ఐఎన్‌ఐ ఉండదు కనుక వాటికి డాస్ నుంచి లినక్స్‌ను లేపే లోడ్‌లిన్ అనే పాత ప్రోగ్రామే సూటి మార్గం. విండోస్ లోపలి డాస్ కిటికీలో అది పనిచేయదు, ఎంఎస్-డాస్ మోడ్‌లోకి రీస్టార్ట్ చేయాలి. పైగా ఆ కాలపు కెర్నళ్ళతో ఉన్నంత సఖ్యత దానికి కొత్తవాటితో లేదు. ఎక్స్‌పీ యంత్రానికి మాత్రం నేను సంకోచం లేకుండా ప్లాప్‌నే సూచిస్తాను.

పెన్ డ్రైవ్‌లోకి ఏ లినక్స్ తీసుకోవాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. డెబియన్ 13 నుంచి 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలర్ లేదు, కాబట్టి డెబియన్ 12 గాని, దానిపై ఆధారపడిన యాంటీఎక్స్ 23 గాని ఎంచుకోవచ్చు. తొలితరం పెంటియం ఎం ప్రాసెసర్లు పీఏఈ (32 బిట్ ప్రాసెసర్ 4 గిగాబైట్లకు మించిన మెమరీని వాడుకునే సదుపాయం) ఉన్నట్టు చెప్పుకోవు గనుక వాటికి పీఏఈ అక్కరలేని కెర్నల్ తీసుకోవాలి. ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక ప్లాప్ ఫైలును బూట్ ఫోల్డరులోకి కాపీ చేసి, లినక్స్ బూట్ లోడర్ అయిన గ్రబ్ మెనూలో లినక్స్16 ఆదేశంతో ఒక వరుసగా చేర్చుకుంటే, మళ్ళీ ఎప్పుడైనా పెన్ డ్రైవ్ నుంచి లేపవలసి వచ్చినప్పుడు విండోస్ అవసరం కూడా ఉండదు.