సైకిల్ మీద ఆఫీసుకు: కిలోమీటరుకింత డబ్బా, స్టాండూ బాత్రూమా, వీధి జట్టా? ఏది మేలు?

బెంగళూరులో మున్నేకొళాల నుంచి బెళ్లందూరు దాకా నా ఆఫీసు దారి దాదాపు ఏడు కిలోమీటర్లు. సాయంత్రం ఆరున్నరకు క్యాబ్ ఎక్కితే గంట పట్టిన రోజులున్నాయి. సైకిల్ మీదైతే ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు. ట్రాఫిక్ ఎంతున్నా అటూ ఇటూగా అంతే. ఈ లెక్క మా వీధిలో అందరికీ తెలుసు, పీజీల్లో ఉండే మన గుంటూరు, కడప పిల్లలకూ తెలుసు. అయినా పొద్దున్నే సైకిల్ తీసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఈ ఏడాది మా కంపెనీవాళ్లు సైకిల్‌కు కొంత బడ్జెట్ పెడతామన్నారు. దేనికి పెడితే మేలో చెప్పమని కొందరిని అడిగారు, అందులో నేనూ ఉన్నాను. మూడు మాటలు వచ్చాయి. సైకిల్ మీద వచ్చిన కిలోమీటర్లకు డబ్బివ్వడం ఒకటి. మంచి స్టాండూ స్నానాల గదీ కట్టడం రెండోది. ఉద్యోగులు ఉండే వీధుల్లో, అపార్టుమెంట్లలో జట్లు కట్టుకుని కలిసి బయలుదేరేలా చూడటం మూడోది. నాలుగేళ్లుగా తొక్కుతున్నదాన్ని కాబట్టి మూడింటి మీదా నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

ముందు డబ్బు సంగతి. యూరప్‌లో ఇది పాత పద్ధతే. నెదర్లాండ్స్‌లో 2024 నుంచి కిలోమీటరుకు 0.23 యూరోల వరకు పన్ను లేకుండా కంపెనీ ఇవ్వవచ్చు. బ్రిటన్‌లో 1999 నుంచి ఇంకో దారి ఉంది: కంపెనీయే సైకిల్ సమకూర్చి, పన్నుకు ముందే జీతంలోంచి కొంచెం కొంచెంగా పట్టుకుంటుంది. నా జీతం స్లిప్పులో పెట్రోలుకు గడి ఉంది, సైకిల్‌కు లేదు. ఉంటే సంతోషమే. కానీ ఈ డబ్బు ముందుగా ఎవరికి అందుతుంది? నాలాగా ఇప్పటికే తొక్కేవాళ్లకు. భయంతో ఆగిపోయిన మనిషిని నెలకు ఏడెనిమిది వందలు రోడ్డెక్కించలేవు. మా టీమ్‌లో ఒకమ్మాయి సూటిగానే చెప్పింది: "అక్కా, వెయ్యి రూపాయలిచ్చినా మారతహళ్లి బ్రిడ్జి కింద నుంచి నేను రాలేను." సైకిల్ కొనుక్కోవడానికి వడ్డీ లేని అడ్వాన్సు ఇస్తే మాత్రం కొత్తగా జీతం అందుకునే పిల్లలకు పనికొస్తుంది. డబ్బు గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

స్టాండూ బాత్రూమూ విషయానికొస్తే చాలా ఉంది.

అందరూ మొదట అడిగేది షవరే. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఏడాదిలో చాలా నెలలు పొద్దున గాలి చల్లగానే ఉంటుంది. ఎనిమిది లోపు బయలుదేరి, ఎవరితోనూ పోటీ పడకుండా నిదానంగా తొక్కితే ఏడు కిలోమీటర్లకు తడి తువ్వాలు, ఒక మార్పు కుర్తా చాలు. చెన్నై పెరుంగుడిలో పనిచేసే మా చిన్నమ్మ కూతురికి ఈ మాట చెబితే ఒప్పుకోదు. అక్కడ పొద్దున ఏడింటికే చెమట ధారలు కడుతుంది, షవర్ లేకపోతే సైకిల్ మాటే లేదు. కాబట్టి షవర్ అవసరం ఊరిని బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. పది కిలోమీటర్లు దాటితే ఇక్కడైనా కావాలి.

పైగా చాలా టెక్ పార్కుల్లో షవర్ ఇప్పటికే ఉండే అవకాశముంది. హరిత భవనాలకు మార్కులు వేసే లీడ్ పద్ధతిలో సైకిల్ సౌకర్యాలకూ మార్కులున్నాయి. దాని నాలుగో వెర్షన్ లెక్క ప్రకారం భవనంలో రోజూ ఉండే మొదటి 100 మందికి ఒక షవర్, ఆపైన ప్రతి 150 మందికి ఇంకొకటి కట్టాలి. నేను ఇదివరకు పనిచేసిన చోట అలాంటి గది ఉండేది, రెండేళ్లు అందులో విరిగిన కుర్చీలు పెట్టారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీ ఆఫీసులోనూ కొత్తది కట్టమని అడిగే ముందు ఉన్నదాని తాళంచెవి అడగండి.

స్టాండు అలా కాదు. అది ప్రతి ఒక్కరికీ, ప్రతి రోజూ కావాలి. ఒక కారు ఆగే చోట ఎనిమిది, పది సైకిళ్లు పడతాయి. అయినా సైకిళ్లకు దొరికేది బేస్‌మెంట్ రెండో అంతస్తులో, జనరేటర్ పక్కన చీకటి మూల. ఆ వాలు మీద కార్ల వెనకాల సైకిల్ నడిపించుకుంటూ పైకి రావడం రోడ్డు మీద కంటే భయం. ముందు చక్రం ఒక్కటే పట్టుకునే ఇనప చట్రాలు రిమ్ములు వంచేస్తాయి. ఫ్రేముకు తాళం వేసుకునేలా వంపు తిరిగిన గొట్టం నేలలో పాతితే చాలు. మెయిన్ గేటు పక్కన, సెక్యూరిటీ కళ్లెదుట, పైన ఒక రేకు.

ఇక్కడ ఒక పెద్దాయన గురించి చెప్పాలి. మా టెక్ పార్కులో తోటపని చేస్తారు, ములబాగిలు వైపు మనిషి. రోజూ వర్తూరు నుంచి సైకిల్ మీదే వస్తారు, నాకంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచి. ఆయన సైకిల్ ఎప్పుడూ బయట ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు కట్టేసి ఉంటుంది. ఎందుకని అడిగితే, "లోపల పెట్టనీరమ్మా, కార్డుండాలంట. ఈడే కట్టేసిపోతా" అన్నారు. హౌస్‌కీపింగ్ వాళ్లు, క్యాంటీన్ కుర్రాళ్లు, సెక్యూరిటీవాళ్లు కూడా అంతే. ఏ ప్రోత్సాహమూ లేకుండా ఇన్నాళ్లూ తొక్కుతున్న వాళ్ల సైకిళ్లకు నీడ లేనప్పుడు, ల్యాప్‌టాప్ సంచీ ఉన్నవాళ్లకు మాత్రమే తెరుచుకునే స్టాండు కట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక జట్టు. నన్ను నిజంగా రోడ్డు మీదికి తెచ్చింది ఇదే.

మొదటి ఆరు నెలలు నా సైకిల్ బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికే పనికొచ్చింది. మా పై అంతస్తులో ఉండే ఒంగోలు ఆవిడ ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని దారంతా చూపించారు. ఎక్కడ సర్వీస్ రోడ్డు వదిలి లోపలి వీధిలోకి తిరగాలి, ఎక్కడ బండ్లు ఎదురు దిశలో వస్తాయి, ఏ మూతలేని మ్యాన్‌హోల్ వానకు కనబడదు, పంక్చర్ వేసే ఆయన ఎన్నింటికి షాపు తీస్తాడు. ఆ రోజు నేర్చుకున్నది ఏ మ్యాపూ చెప్పదు. మర్నాడు నుంచి 7:10కి గేటు దగ్గర ఇద్దరం. నెల తిరిగేసరికి నలుగురం. పొద్దున ఒక్కదాన్నే వెళ్లగలను, సాయంత్రం ఏడు దాటాక అలా కాదు. పక్కనుంచి మాటలు విసురుతూ పోయే బండివాళ్లు నలుగురున్నప్పుడు నోరెత్తరు. బస్సు డ్రైవర్లకు కూడా నాలుగు ఎర్రలైట్లు కలిసి కనబడితే దూరం జరుగుతారు.

జట్టుకు లోపాలు లేకపోలేదు. ఒకరు ఉద్యోగం మారితే, ఇంకొకరికి షిఫ్టు మారితే విడిపోతుంది. మాది రెండుసార్లు విడిపోయింది. శని ఆదివారాల్లో తెల్లవారుజామున నంది హిల్స్‌కు వెళ్లే జట్లు వేరు. వాళ్ల వేగం చూస్తే కొత్తవాళ్లు ఇంకా వెనక్కి తగ్గుతారు. కబ్బన్ పార్కులో 2013లో మొదలైన సైకిల్ డే వల్ల ఎన్నో కుటుంబాలు ఆదివారం సైకిలెక్కాయి, కానీ ఆ ఆదివారం సరదా సోమవారం ఆఫీసు దాకా రావాలంటే పక్కింటి మనిషి తోడు కావాలి.

రోడ్డే సరిగా లేనప్పుడు ఇవన్నీ ఎందుకు అనేవాళ్లకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. 2020లో ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు వైపు నుంచి కె.ఆర్.పురం దాకా ప్లాస్టిక్ స్తంభాలు నాటి సైకిల్ దారి వేశారు. తర్వాత అదే రోడ్డు మీద మెట్రో పనులొచ్చాయి. నేను వెళ్లే ముక్కలో ఆ స్తంభాలు ఇప్పుడు కనబడవు. అది తిరిగి రావాలని నా కోరిక, అందుకోసం అర్జీల మీద సంతకాలూ పెట్టాను. కానీ అది కంపెనీ బడ్జెట్‌తో అయ్యేది కాదు. పన్నెండు కిలోమీటర్లు దాటిన దూరాలకు సగం దారి మెట్రో ఎక్కడమే మేలు. మడతపెట్టే చిన్న సైకిళ్లను 2022 నుంచి రైల్లోకి తీసుకెళ్లనిస్తున్నారు.

మరి ఏది మేలు? సైకిల్ కొని మూల పెట్టినవాళ్లకు జట్టే మేలు, అందులో నాకు సందేహం లేదు. ఇప్పటికే తొక్కేవాళ్లు మానకుండా ఉండాలంటే స్టాండు. షవర్ పది కిలోమీటర్లు దాటి వచ్చేవాళ్లకు. డబ్బు అన్నిటికంటే చివర.

కంపెనీకి రాసిచ్చిన కాగితంలో వరుస కూడా అలాగే పెట్టాను. జట్టు కట్టడం కంపెనీ పని కాదు, కానీ అది నిలబడేందుకు కంపెనీ చేయగలిగినవి రెండున్నాయి, వాటికి పెద్దగా ఖర్చు లేదు. తొమ్మిదింటి మీటింగును తొమ్మిదిన్నరకు జరపడం ఒకటి. రెండోది నాకు షవర్ కంటే ముఖ్యం: సాయంత్రం కుండపోత వాన పట్టినా, రాత్రి ఎనిమిది దాకా పని పడినా, ఇంట్లో పిల్లకు జ్వరమని ఫోనొచ్చినా సైకిల్ అక్కడే వదిలి ఆఫీసు క్యాబ్‌లో ఇంటికి వెళ్లే హక్కు. ఈ ఒక్క ధైర్యం లేకే మా జట్టులో ఒకావిడ సెప్టెంబరు వానల్లో మానేశారు.

కాగితం చివర స్టాండు బొమ్మ గీసి మెయిన్ గేటు పక్కన గుర్తు పెట్టాను. దానికి కార్డు గేటు పెట్టొద్దని, పార్కులో పనిచేసే ఎవరైనా సైకిల్ పెట్టుకోవచ్చని కన్నడంలో, తెలుగులో, హిందీలో బోర్డు రాయించమని కింద రాశాను. జవాబు వచ్చే నెల చెబుతామన్నారు.