లైనుకి నాలుగు స్టార్లు, బిజినెస్ డిపార్ట్‌మెంట్‌కి రెండే

మాది వీడియో ఎడిటింగ్ ఆఫీసు. ఇంటి ఇంటర్నెట్ ప్లాన్లతో మాకు పని జరగదు: మేం చూసినవాటిలో డౌన్‌లోడ్ ఎంతున్నా అప్‌లోడ్ అందులో చిన్న వంతే. ఈ బిజినెస్ కనెక్షన్‌లో రెండూ సమానం. ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మా ఆఫీసు చిరునామా, మారదు కాబట్టి బయటున్న ఎడిటర్లు కూడా ఆఫీసు సర్వర్‌లోకి వచ్చేస్తారు. లైను మీద నాకు పేచీ లేదు.

పేచీ అంతా "మీకోసం ప్రత్యేకంగా బిజినెస్ డిపార్ట్‌మెంట్ ఉందండీ" అన్న దగ్గరే. సేల్స్‌లో మాట్లాడినావిడ పనిమంతురాలు, అడిగినవన్నీ కొటేషన్‌లో పెట్టించింది. లైను పడిపోయినప్పుడు తెలిసింది అసలు సంగతి. ఫోన్లో బిజినెస్ నంబరు నొక్కినా ఎత్తేది ఇళ్లవాళ్ల కాల్స్ ఎత్తేవాళ్లే. "మీ ఫిర్యాదు టికెట్ నెట్‌వర్క్ టీమ్‌కి పంపాం సార్" అంటారు. మా అకౌంట్ మేనేజర్ మర్యాదస్తుడే, కానీ బిల్లులో కొంత తగ్గించగలడు తప్ప ఒక్క టెక్నీషియన్‌ని పంపలేడు.

వీళ్లు అమ్మకాన్ని కస్టమర్‌ని బట్టి విడదీశారు, రిపేరుని మాత్రం పనిని బట్టి ఒకే చోట ఉంచారు. అది తప్పని అనను. కేబుల్ అతికేవాళ్లు రెండు జట్లుగా ఉండక్కర్లేదు. కానీ ఆ జట్టుకి "ముందు ఇది చూడండి" అని చెప్పే అధికారం బిజినెస్ వైపు ఒకరికైనా ఉండాలి కదా. 1855లోనే అమెరికాలోని న్యూయార్క్ అండ్ ఎరీ రైల్‌రోడ్‌కి దాని సూపరింటెండెంట్ డేనియల్ మెకాలమ్ ఒక చార్టు గీయించాడు, ఎవరు ఎవరి కింద పనిచేస్తారో, ఏ సెక్షన్‌కి ఎవరు జవాబుదారో కనబడేలా. ఇక్కడ ఆ జవాబుదారు ఎవరో అడిగితే టికెట్ నంబరు చెబుతారు.

తీసుకునేవాళ్లకి ఒక మాట. లైను 99.9 శాతం సమయం పనిచేస్తుందని ఒప్పందంలో రాశారంటే 30 రోజుల్లో దాదాపు 43 నిమిషాలు ఆగొచ్చని. 99.5 అయితే 3 గంటల 36 నిమిషాలు. ఆగిన సమయం ఇంతకు మించితే మాకొచ్చేది బిల్లులో తగ్గింపే, అదీ అడిగితేనే. లైను ఎన్ని గంటల్లో బాగుచేస్తారన్నది వేరే షరతు. అది కాగితం మీద ఉందో లేదో చూసుకోండి.

రెన్యువల్‌లో ఆ గడువు రాయమన్నాం. లీగల్ డిపార్ట్‌మెంట్ చూడాలట.