కోనసీమ గాలిలో పద్నాలుగేళ్ల బ్లూరే

రాజోలులో మాది ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, సంక్రాంతికి ప్రభల తీర్థాలు తీస్తాం. 2011లో మొదటి బ్లూరే రైటర్ కొన్నాను, అంటే డీవీడీ కన్నా ఎన్నో రెట్లు పట్టే బ్లూరే డిస్కుల మీద రాసే డ్రైవు. అప్పటినుంచి ప్రతి పెళ్లి అసలు ఫుటేజీనీ డిస్కులకెక్కించి బీరువాలో దాస్తూ వచ్చాను. ఈ ఏడాది కంప్యూటర్ మార్చాల్సి వచ్చింది. చూస్తే కొత్త క్యాబినెట్లలో డిస్కు డ్రైవుకి చోటే లేదు. బీరువా నిండా డిస్కులున్న నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు, వాళ్ల కోసం ఈ సమీక్ష.

నిజానికి 2007లోనే ఓ డ్రైవు కొనబోయాను. అప్పుడే హెచ్‌డీ వీడియో తీసే హెచ్‌డీవీ కెమెరాకి మారాం. గంట ఫుటేజీకి దాదాపు 11 జీబీ. మూడు గంటల పెళ్లిని మామూలు డీవీడీల్లో దాచాలంటే ఎనిమిది కావాలి. అప్పట్లో బ్లూరేకి పోటీగా ఉన్న 15 జీబీ హెచ్‌డీ డీవీడీలైతే మూడు, 25 జీబీ బ్లూరేలైతే రెండు. రెండింటిలోనూ 405 నానోమీటర్ల నీలి లేజరే. తేడా అంతా పైపొరలో ఉంది. హెచ్‌డీ డీవీడీలో డేటా డీవీడీలో లాగే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, అందుకే పాత డీవీడీ ఫ్యాక్టరీలను కాస్త మార్చి దాన్ని తయారు చేయగలిగారు. బ్లూరేలో లోతు 0.1 మిల్లీమీటరే. కటకం డేటాకి అంత దగ్గరగా ఉంటుంది కాబట్టే ఎక్కువ పడుతుంది. గీత పడితే డేటా పోతుందన్న భయంతో పైన గట్టి పూత వేశారు.

నాకు హెచ్‌డీ డీవీడీ మీదే మొగ్గు ఉండేది. నాకు పని నేర్పిన బాబాయి ఒప్పుకోలేదు, ఏది నిలుస్తుందో తేలేదాకా ఆగమన్నాడు. ‘రేవులో రెండు పంట్లు ఉన్నాయిరా, ఏది కదిలితే అది ఎక్కు’ అన్నాడు. 2008 జనవరిలో హాలీవుడ్ సినిమా సంస్థ వార్నర్ బ్లూరే వైపు వెళ్లింది. ఫిబ్రవరి 19న హెచ్‌డీ డీవీడీని ముందుండి నడిపిన తోషిబాయే దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ రోజు బాబాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇక వాడకం. ఇక్కడ అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి, వానాకాలమంతా చెమ్మ. మినీ డీవీ క్యాసెట్లకి రెండు మూడేళ్లకే తెల్లగా బూజు పట్టేది. డిస్కుల్లో ఆ బాధ చాలా తక్కువ, కానీ అన్ని డిస్కులూ ఒకటి కాదు. మొన్న సంక్రాంతి తర్వాత బీరువా దించి పాతవన్నీ ఒక్కొక్కటే చదివించాను. చదవనివన్నీ నేను చవగ్గా వచ్చాయని తెచ్చిన రెండు డబ్బాల్లోవే. అట్ట మీద ఓ మూల ఎల్‌టీహెచ్ అని ఉంది. అంటే రాసే పొర డీవీడీలో లాగా ఆర్గానిక్ రంగు. ఇనార్గానిక్ పొర ఉన్న మామూలు బీడీ-ఆర్‌లు (ఒక్కసారే రాసుకునే బ్లూరేలు) 2011వి కూడా తడుముకోకుండా తెరుచుకున్నాయి. ఆ రెండు డబ్బాల్లో పోయిన పెళ్లిళ్లలో ఒకటి మా మేనత్త కూతురిది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

2022 జులై వరదలో గోదావరి లంకలో ఓ ఇంట్లో నడుముల్లోతు నీళ్లు నిలిచాయి. వాళ్ల కంప్యూటర్ హార్డ్ డిస్కు పోయింది. మేమిచ్చిన బ్లూరే కవరు కుళ్లి ముద్దయినా, డిస్కుని మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి పెడితే పెళ్లంతా వచ్చింది.

డ్రైవుల సంగతి అంత బాగాలేదు. మొదటిది ఆరేళ్లకి పోయింది. ముందు ట్రే బెల్టు సాగి, సన్నటి తీగతో పొడిస్తేగానీ తెరుచుకునేది కాదు. తర్వాత కటకం మసకబారింది. రెండోదాన్ని పని లేనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెడుతున్నాను, అది ఇప్పటికీ బాగుంది. డిస్కు మీద రాసే వేగం 6ఎక్స్ అని ఉన్నా నేను 4ఎక్స్‌లోనే రాస్తాను. 25 జీబీకి 23 నిమిషాలు, సరిచూడ్డానికి ఇంచుమించు మరో అంత. యూపీఎస్ లేకుండా మాత్రం రాయొద్దు. కరెంటు పోతే ఆ డిస్కు చెత్తబుట్టకే.

కొత్త కంప్యూటర్‌తో నేను పడిన తిప్పలు మీకు వద్దు. మదర్‌బోర్డుకి డిస్కు డ్రైవుల్ని కలిపే సాటా పోర్టులు నాలుగున్నాయి, కానీ బోర్డు మీదే ఎస్‌ఎస్‌డీలు దూర్చే రెండో ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే అందులో రెండు పనిచేయడం మానేశాయి. ఇలా కొన్ని బోర్డుల్లో ఉంటుంది, కొనేముందే మాన్యువల్‌లో చూసుకోండి. పాత పెద్ద డ్రైవుని బయట పెట్టి యూఎస్‌బీతో కలపాలంటే సొంత 12 వోల్టుల అడాప్టర్ ఉన్న పెట్టె తీసుకోండి. ఒట్టి యూఎస్‌బీ తీగ ఇచ్చే 5 వోల్టులకి అది తిరగదు. మనం రాసుకున్న డేటా డిస్కు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. సినిమా డిస్కులకి మాత్రం విడిగా సాఫ్ట్‌వేర్ కొనాలి. కంప్యూటర్‌లో 4కే బ్లూరే సినిమాలు చూడ్డానికి కావలసిన ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటుని ఇంటెల్ 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచే తీసేసింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి బ్లూరే కొనమని చెప్పను. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. పైగా ఇప్పటి నా 4కే కెమెరా 100 ఎంబీపీఎస్‌లో గంటకి 45 జీబీ తింటుంది. మూడు గంటల పెళ్లికి ఆరు డిస్కులు, డీవీడీల రోజుల్లో పడ్డ అవస్థే మళ్లీ. అందుకని అసలు ఫుటేజీ రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో మేడ మీద. ఎడిటింగ్ పూర్తయిన వీడియో ఒక్కటే బ్లూరేకి ఎక్కిస్తున్నాను.

పాత డిస్కులున్నవాళ్లు మాత్రం దొరికినప్పుడే ఓ డ్రైవు కొని పక్కన పెట్టుకోండి. నేను గత నెల ఒకటి తెచ్చాను. ముందు ఆ ఎల్‌టీహెచ్ డబ్బాల్లో ఇంకా చదువుతున్నవాటిని కాపీ చేస్తున్నాను, రోజుకి రెండు పెళ్లిళ్ల చొప్పున.